గులాబీ ఇత్తులు

చెల్లెలు కళ్ళు మూసుకొని, నాలుక బయటపెట్టి, బాసింపట్టు వేసుకొని కూర్చుంది. అన్న దాని ఎదుట మోకాళ్ళ మీద నిలబడి ఆ నాలుక మీద ఏదో పెట్టాడు. "మింగద్దు. సప్పరించి చెప్పు. తీపా, ఉప్పా, పులుపా, చేదా?" అని తన టీచర్ గొంతుతో అడుగుతున్నాడు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి, తడి చేతులు చున్నీకి తుడుచుకుంటూ నవ్వుతున్నాను. బడి నుంచి రాగానే నా కొడుకు రోజూ ఆడే ఆట అది. ఆ పూట క్లాసులో ఏది నేర్పితే అది ఇంట్లో మూడేళ్ళ చెల్లెలికి నేర్పి తీరాలి. ఆ వారం వాళ్ళకు రుచుల పాఠం జరుగుతోందని నాకు తెలుసు. కాకరకాయ ముక్క కూడా నేనే డబ్బాలో పెట్టి పంపాను.

అప్పుడు దాని నాలుక మీద ఉన్నదాని రంగు చూశాను. గులాబీ. అచ్చం సోంపు మిఠాయి రంగు. మా ఇంట్లో సోంపు మిఠాయి లేదు.

నా నవ్వు ఆగింది అక్కడే. ఆ తర్వాత ఏం చేశానో వరుసగా గుర్తు లేదు. దాని నోట్లో వేలు పెట్టాను. అది ఏడ్చింది. నా అరచేతిలోకి ఒక గింజ వచ్చింది. ఒక కొస మొనదేలి ఉంది. నాలుక తగిలిన పక్క పూత కరిగి, కింద నల్లటి పొట్టు కనిపిస్తోంది. పూత ఉన్న పక్క నా చర్మానికి గులాబీ మరక అంటింది.

పత్తి ఇత్తు. కొన్న ఇత్తులకు కంపెనీ వాళ్ళే పురుగు మందు పట్టించి, రంగు కలిపి ప్యాకెట్లలో పోస్తారు. నేను వరంగల్‌లో పుట్టి పెరిగినదాన్ని. డిగ్రీలో బోటనీ చదివి, గింజను నిలువుగా కోసి బొమ్మ గీసి, భాగాలు రాసినదాన్ని. కానీ ఆ గులాబీ రంగు ఏమిటో నాకు తెలిసింది పెళ్ళయ్యాకే. నర్సంపేట అవతల మా అత్తగారి ఊళ్ళో మా బావగారు పత్తి పెడతారు. ఇత్తులు పెట్టిన రోజు మా తోడికోడలు చేతికి గుడ్డ చుట్టుకుంటుంది. చేనులో మంచినీళ్ళు తాగాలన్నా ఇంకెవరో గ్లాసు ఎత్తి నోట్లో పోయాలి. ఇంటికి వచ్చాక మోచేతుల దాకా సబ్బుతో కడుక్కొని, చీర మార్చుకొని గానీ పిల్లల్ని దగ్గరికి రానివ్వదు. పిల్లలు పరుగెత్తి వస్తే దూరం నుంచే, "ఆగుండ్రి బిడ్డా, నా చేతులకు మందున్నది" అంటుంది.

పాపను కుళాయి దగ్గరికి ఎత్తుకెళ్ళాను. పుక్కిలించమంటే దానికి చేతకాలేదు. నోట్లో పోసిన నీళ్ళు గుటుక్కున మింగి నా వైపు చూసింది. ఆ మందు నీళ్ళు నేనే మింగించినట్టయింది. ఇక నీళ్ళు పోయకుండా తడిగుడ్డతో నాలుక తుడిచాను. గుడ్డకు గులాబీ అంటింది. మళ్ళీ తుడిచాను. మళ్ళీ కొంచెం అంటింది.

వెనక్కి తిరిగి వాణ్ణి అడిగాను. ఎక్కడిది ఇది? నువ్వు తిన్నావా? బడిలో ఎవరైనా తిన్నారా? నా గొంతు ఎంత పెద్దదైందో నాకు తెలియలేదు, వాడి ముఖం చూస్తే తెలిసింది. వాడు గోడకు ఆనుకొని, చూపుడు వేలు తెచ్చి పెదాల మీద నిలువుగా పెట్టుకున్నాడు. క్లాసులో గోల ఎక్కువైతే టీచర్ ఒక మాట అంటుందట, అందరూ అలా వేలు పెట్టుకోవాలట. మొదటిసారి వాడు అది చేసి చూపించినప్పుడు ఎంత ముద్దుగా ఉందో అని ఫోటో తీసి మా అమ్మకు పంపాను. ఇప్పుడు ఆ వేలు తీయమంటే తీయడం లేదు.

మా ఆయన బట్టల షోరూంలో పని చేస్తాడు. ఫోన్ చేస్తే, వెనక గిరాకీల సందడి. నేను మామూలుగానే భయస్తురాలిని. పిల్ల తుమ్మితే దవాఖాన, పిల్లవాడు అరగంట ఎక్కువ పడుకుంటే దవాఖాన. నన్ను వాళ్ళ ఇంట్లో 'ఫికర్ల డబ్బా' అంటారు. ఆయన కూడా ఆ పేరుతోనే మొదలుపెట్టాడు. జర నిమ్మళంగా ఉండు, నోట్లో నుంచి తీసేసినవ్ గదా, ఒక్క ఇత్తుకు ఏంగాదు అన్నాడు. నేను నమ్మాలనుకున్నాను. కానీ తోడికోడలికి చేస్తే, ఆమె నవ్వలేదు.  

"పూత ఉన్నదా, పోయిందా?" అని అడిగింది.

"సగం పోయిందక్కా."

ఆమె ఫోన్ బావగారికి ఇచ్చింది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. పోయిన ఆదివారం మేము ఊరికి వెళ్ళినప్పుడు, టీచర్ రకరకాల గింజలు తెమ్మందని మా వాడు పెదనాన్నతో చెప్పాడు. నేను డబ్బాలో కందులు, పెసర్లు, పల్లీలు సర్ది పెట్టుకునే ఉన్నాను. అది వాడికి ఆనలేదు. మొలవని చోట మళ్ళీ పెట్టడానికని అట్టిపెట్టుకున్న పత్తి ఇత్తులు ఆయన దగ్గర ఉన్నాయి. బడిలో వ్యవసాయం గురించి చెప్తారని ఆయనకు సంబరమైంది. ఒక పిడికెడు కవరులో పోసి మూతికట్టి ఇచ్చాడు. వాడు దాన్ని బ్యాగులో నీళ్ళ బాటిల్ పెట్టే పక్క సంచిలో దాచుకున్నాడు. నేను చూడలేదు.

"నేను చెప్పిన బిడ్డా. టీచరమ్మకు ఇయ్యి, మందుంటది, ఎవ్వలు ముట్టద్దని చెప్పు అని రెండుసార్లు చెప్పిన" అన్నాడు ఆయన.

ఎవరికి చెప్పారు అని అడిగాను.

"పోరనికే" అన్నాడు. అన్నాక ఆయనకే అర్థమైనట్టుంది, గొంతు తగ్గింది.

ఒక పిడికెడు. నా చేతిలో ఉన్నది ఒకటి. వాడి జేబులు, బ్యాగు దులిపితే ఇంకేమీ రాలేదు. మిగతావి బడిలో ఉన్నాయి. ఆ గదిలో ముప్పై మంది దాకా పిల్లలు. ఆ పూట బడిలో ఏం జరిగిందో తెలిసిన మనిషి నా ఎదుట నోటి మీద వేలు పెట్టుకొని నిలబడి ఉన్నాడు. టీచర్ ఫోన్ మోగి మోగి ఆగిపోతోంది.

బయట వాన పెద్దదైంది. నేను దీపం వేసి, నేల మీద బాసింపట్టు వేసుకొని కూర్చున్నాను. చేతులు కట్టుకున్నాను. నా నోటి మీద నేనూ వేలు పెట్టుకున్నాను. పాపను పక్కన కూర్చోబెట్టుకున్నాను. అది ఇంకా ఎక్కిళ్ళు పెడుతూనే అన్నను చూసి తనూ వేలు పెట్టుకుంది.

వాడు చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా గోడ విడిచి ముందుకు వచ్చాడు.

"గుడ్ మార్నింగ్ క్లాస్."

"గుడ్ మార్నింగ్ టీచర్" అన్నాను.

ఆ రోజు పాఠమంతా నాకు నేర్పాడు. మధ్యలో తొందరపెడితే వేలు మళ్ళీ పెదాల మీదికి పోతుందని భయపడి అన్నీ చేశాను. లేచి నిలబడి చేతులు ఊపుతూ రైమ్ చెప్పాను. కిటికీలో నుంచి చూసి, ఇవాళ ఎండా వానా అని అడిగితే వాన అన్నాను. వాడు లేని చార్టు మీద లేని మేఘాన్ని అంటించాడు. గాలిలో 'అ' దిద్దించాడు. నాది వంకరగా వచ్చిందని మళ్ళీ దిద్దించాడు. చింతగింజలు లెక్కపెట్టించాడు. అవీ లేవు, ఖాళీ నేల మీద వేలు ఆనించి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాను. పాప నా పక్కన ఆవలించింది. మామూలు ఆవలింతేనా అని దాని కళ్ళలోకి చూస్తూ, నాలుగు, ఐదు అన్నాను.

అప్పుడు వాడు, "ఇప్పుడు దుకాణం" అన్నాడు.

టీచర్ బల్ల మీద గిన్నెలు వరుసగా పెట్టిందట. ఒక్కో గిన్నెలో ఒక్కో రకం గింజలు. ఒకళ్ళు దుకాణదారు, మిగతావాళ్ళు గుండీలు ఇచ్చి కొనుక్కోవాలి. కొన్న గింజల పేర్లు చెప్పి, చార్టు మీద పువ్వులాగా అంటించాలి. ఆ రోజు దుకాణం మా వాడిది. గులాబీవి తెచ్చింది వాడే కాబట్టి.

నేను ఒక గుండీ ఇచ్చినట్టు చెయ్యి చాపాను. "సేటూ, గులాబీవి గావాలె."

"అవి తినొద్దు. తింటే స్టార్ కట్" అన్నాడు వాడు.

"ఎవ్వలన్న తిన్నరా సేటూ?"

వాడి వేలు పైకి లేచింది. పెదాల దాకా వచ్చి ఆగింది. నేను గుండీ ఇచ్చే చెయ్యి అలాగే చాపి ఉంచాను. వేలు కిందికి దిగింది. వాడి పక్కన కూర్చునే పాప గురించి చెప్పాడు. ఆ పాప సోంపు అనుకొని నోట్లో వేసుకుందట. కొరికింది. ముఖం ఇట్లా పెట్టింది, అని వాడు ముఖం ముడిచి చూపించాడు. చేదు. ఉమ్మబోతుంటే టీచర్ అటు తిరిగి, అందరూ వేళ్ళు పెట్టుకోండి అంది. ఉమ్మితే తిన్నట్టు తెలిసిపోతుంది, బుద్ధిగా ఉన్నవాళ్ళకు టీచర్ వేసే స్టార్ పోతుంది.

"మరి ఏం చేసింది?"

వాడు చేసి చూపించాడు. నోరు గట్టిగా మూసుకొని, పెదాల మీద వేలు పెట్టుకొని, కళ్ళు పెద్దవి చేసి, గుటక మింగాడు.

ఆ గుటక ఇప్పటికీ నాకు కనిపిస్తుంది. ఇది రాస్తుంటే పిల్లలిద్దరూ పక్క గదిలో నిద్రపోతున్నారు, అయినా కనిపిస్తుంది. చేదును నోట్లో పెట్టుకొని, బుద్ధిమంతురాలిలా వేలు పెట్టుకున్న ఒక ఐదేళ్ళ పిల్ల.

"నువ్వు తిన్నవా?"

"దుకాణమోడు తినడు గదా మమ్మీ" అన్నాడు, అంత కూడా తెలియదా అన్నట్టు.

ఆ పాప వాళ్ళు కాశిబుగ్గలో ఉంటారు. వాళ్ళమ్మ ఇంట్లో మిషన్ కుడుతుంది. తల్లిదండ్రుల మీటింగులకు పోయినప్పుడు బడి గేటు దగ్గర ఇద్దరం కలిసి నిలబడతాం. ఆదివారం ప్రార్థనకు కట్టుకునే చీరలో తను ఒకసారి వస్తే, బాగుందన్నందుకు ఆ రకం జాకెట్టు నీకూ కుడతా అక్కా అన్న మనిషి. ఫోన్ ఎత్తితే మిషన్ చప్పుడు వినిపిస్తోంది.

"పాప ఏం చేస్తాంది చెల్లె?"

"పండుకున్నదక్కా. బడి నుంచి వచ్చినప్పటి సంది పండుకునే ఉన్నది. ఆటోల కక్కిందట. వానల తడిసింది గదా, జరమొస్తదేమో."

"లేపు."

"ఇప్పుడే లేపితే ఏడుస్తదక్కా, జర..."

"ఏడ్వనీ. ముందు లేపు. నోరు తెరిపించి నాలుక చూడు."

మిషన్ చప్పుడు ఆగింది. తర్వాత ఆమె పాపను పిలుస్తున్న గొంతు. మొదట మామూలుగా, తర్వాత కొంచెం గట్టిగా, తర్వాత పేరు కాకుండా అమ్మా, అమ్మా అని. ఎంతసేపు పిలిచిందో నాకు తెలియదు. చివరికి పిల్ల మూలిగిన చప్పుడు వినిపించింది. వాళ్ళమ్మ ఫోన్‌లోకి వచ్చి, నాలుక పక్కన గులాబీ రంగు ఉందక్కా, ఏమైందక్కా అంది.

సంగతి చెప్పి, పాపను పిల్లల దవాఖానకు తీసుకురమ్మన్నాను. మేము చేరేసరికి వాళ్ళు వచ్చి ఉన్నారు. మా ఆయన షోరూం నుంచి నేరుగా వచ్చాడు. ఫికర్ల డబ్బా అనలేదు. డాక్టర్ ముందు మా పాపను చూసి, దీనికి పెద్ద భయం లేదు, అయినా ఇక్కడే ఉండండి అన్నాడు. తర్వాత అన్నీ ఆ పాప చుట్టూనే. ఇత్తులకు పట్టించింది ఏ మందో తెలియాలన్నాడు. బావగారు చేను దగ్గర పారేసిన ఖాళీ ప్యాకెట్ వానలో వెతికి, బురద తుడిచి, వెనక వైపు ఫోటో తీసి పంపాడు. ఆ ఫోటోలో ఆయన బొటనవేలు కూడా పడింది. కొన్ని అక్షరాలు మసకగా ఉన్నాయి. డాక్టర్ ఫోన్‌ను పెద్దది చేసి చేసి చదివాడు.

ఎన్ని తిన్నదో తెలిస్తే మంచిది అన్నాడు. ఆ పాప చెప్పదు. పెదవి పక్క నుంచి చొంగ కారుతోంది. వాళ్ళమ్మ బతిమాలింది, నాన్న బతిమాలాడు. పిల్ల నోరు బిగించుకొని మా వాడి వైపే చూస్తోంది. మా వాడు మంచం దగ్గరికి వెళ్ళాడు.

"చెప్పు. స్టార్ కట్ గాదు" అన్నాడు.

పాప దుప్పట్లో నుంచి చెయ్యి తీసి ఒక వేలు చూపించింది. వాళ్ళమ్మ ఊపిరి పీల్చుకునేంతలో ఇంకో వేలు లేచింది. కాసేపు ఆగి, ఇంకొకటి.

డాక్టర్ నర్సును పిలిచి సెలైన్ పెట్టమన్నాడు. ఆ పాప తల్లి గోడ వైపు తిరిగి నుదురు ఆనించి, ప్రభువా, ప్రభువా అని పెదాలతోనే అనుకుంటోంది. నేను ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి, నా గోళ్ళ సందుల్లో గులాబీ రంగు కనిపించి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను. వెళ్ళి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాను.

టీచర్ తడిసిపోయి వచ్చింది. నిరుడే డిగ్రీ అయిపోయిన పిల్ల. ఫోన్ బ్యాగులో ఉండిపోయిందట, చూసుకొని నాకు తిరిగి చేసి, సంగతి తెలియగానే బడి తాళం తీయించి, మిగిలిన ఇత్తులు సీసాలో పోసి మూత పెట్టి తెచ్చింది. నా కళ్ళలోకి చూడలేకపోయింది.

"పోయిన వారం బియ్యానికి రంగులేసి పంపిండ్రు గదా మేడం. అందరు మమ్మీలు జిలేబీ రంగు, ఆకుపచ్చ రంగు కలిపి పంపిండ్రు. ఇవి గూడ మీరే మిఠాయి రంగు ఏసిండ్రనుకున్న."

నాకు ఆమె మీద రావలసిన కోపం రాలేదు. ఆ రంగు బియ్యం నేనూ పంపాను. గులాబీ రంగే వేశాను. వాటితో పిల్లలు చేపల బొమ్మలు చేస్తే ఫోటోలు చూసి మురిశాను. గిన్నెలో ఉన్నది గులాబీ రంగుదైతే అది అమ్మ వేసిన రంగే అని ఆ గదిలో అందరికీ నేర్పినవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

మా ఆయన సీసా పైకెత్తి వెలుగుకు పట్టాడు. బావగారి పిడికిలి ఎంతో ఆయనకు తెలుసు. ఇవి దాంట్లో సగం కూడా లేవు అన్నాడు. చార్టు మీద కొన్ని అంటించాం అంది టీచర్. మరి మిగతావి అని అడిగాడు.

"అమ్ముడుపోయినయ్ సార్" అంది. అనేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అక్కడే కూర్చొని తల్లిదండ్రుల గ్రూపులో మెసేజ్ పెట్టింది. పిల్లల జేబులు, బ్యాగులు, పెన్సిల్ డబ్బాలు చూడండి, గులాబీ గింజలు నోట్లో పెట్టుకోనివ్వద్దు, పెట్టుకుంటే వెంటనే దవాఖానకు రండి. ఫోటోలు రావడం మొదలైంది. ఎవరివో అరచేతులు, ఒక్కో చేతిలో రెండు, నాలుగు, ఒకరి చేతిలో గుప్పెడు గుండీల మధ్య ఒకటే ఒకటి. ఆమె ఒక్కొక్క ఇంటికీ ఫోన్ చేసింది. చాలామంది ఎత్తారు. ఇద్దరు ముగ్గురివి స్విచ్చాఫ్ వచ్చాయి. అటు వైపు కరెంటు లేదేమో అన్నారు ఎవరో. నేను ఆ ఇళ్ళలో చీకట్లో పడుకున్న పిల్లల గురించి ఆలోచించకుండా ఉండాలని, మా పాప వీపు మీద చెయ్యి పెట్టి దాని ఊపిరి వింటూ కూర్చున్నాను. మమ్మల్ని ఇంటికి పొమ్మన్నారు. ఆ పాపను ఉంచుకున్నారు.

తెల్లవారి వాన తెరిపిచ్చింది. దవాఖాన నుంచి కాశిబుగ్గ వాళ్ళ ఫోన్ వచ్చింది. ఎత్తడానికి చెయ్యి రాలేదు, మా ఆయన ఎత్తాడు. పాప లేచిందట. చాయ్‌లో ముంచుకోవడానికి బిస్కెట్ అడిగిందట. ఇంకో రోజు ఉంచుతామన్నారట. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి విప్పి, ఆ నీళ్ళ చప్పుడులో ఏడ్చాను. గ్రూపు చూస్తే, ఒక్క ఇంటి నుంచి ఇంకా జవాబు లేదు. టీచర్ ఆ ఇంటికే బయల్దేరానని పెట్టింది.

వీధి చివర బడి ఆటో హారన్ మోగింది. మా వాడు షూ వేసుకొని, బ్యాగు తగిలించుకొని నిలబడ్డాడు. ఇవాళ వద్దు అనాలనుకున్నాను. కానీ రేపైనా పంపాలి. ఎల్లుండైనా ఆ గదిలో ఎవరో ఒకరు గిన్నెలో ఏదో ఒకటి పెడతారు. నేను అక్కడ ఉండను. పాపను కూడా పిలిచి ఇద్దర్నీ గడప మీద కూర్చోబెట్టి, ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

పాపతో అన్నాను, "ఎవ్వలు చెప్పినా కండ్లు మూసుకొని నోరు తెరవకు. అన్న టీచరైనా సరే."

అది అన్న వైపు చూసి తల ఊపింది.

వాడితో అన్నాను, "నోట్ల చేదు తగిల్తే ఉమ్మెయ్యాలె. బెంచీ మీదైనా, టీచర్ ముందటైనా. నీ పక్కనోళ్ళ నోట్ల ఉన్నట్టు తెలిసినా గట్టిగ చెప్పాలె."

"స్టార్ పోతది గదా?"

"పోనీ. నేనిస్త."

వాడు ఆలోచించాడు. ఆటో మళ్ళీ హారన్ కొట్టింది. వాడు వేలు ఎత్తి, నోటికి దూరంగా గాలిలో నిలబెట్టి అడిగాడు, "ఫింగర్ ఆన్ లిప్స్ అంటే?"

"అన్నా సరే బిడ్డా" అన్నాను. "వేలు తీసి ఉమ్మెయ్యి."